పొలిమేర యొద్ద రెండు వరుసలు

మన పల్లెలలో పొలిమేర యనునది కంటికి కనబడు వస్తువు గాదు. ఒక చింతచెట్టో, పాతిన రాయియో, పోలేరమ్మ గుడియో దానికి గుర్తు. ఆ రాయి దాటినంత మాత్రమున నేల రంగు మారదు, గాలి మారదు, పైరు మారదు. ఐనను పెద్దలు ఊరు విడుచునపుడు అచ్చట ఒక్క నిమిషము నిలిచి చేతులు జోడించెడివారు. ఊరిలోనికి తెగులు వచ్చినచో మేళతాళములతో దానిని పొలిమేర దాటించి వచ్చెడివారు. ఆవలి ఊరిలోను మనుష్యులే ఉందురను సంగతి ఆ హడావిడిలో వారికి తట్టెడిది కాదు కాబోలు! రాజ్యమునకును రాజ్యమునకును నడుమ గల సరిహద్దులను గూర్చి ఆలోచించినపుడెల్ల నాకు ఆ రాయియు, ఆ తెగులును జ్ఞప్తికి వచ్చుచుండును. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున నేను చేసిన యాత్ర యొకటి ఆ జ్ఞాపకమును మరింత బలపరచినది.

రెండేండ్ల క్రిందట జోహన్నెస్‌బర్గ్ నగరమున ఉద్యోగము చేయుచున్న నా మేనల్లుడు నన్ను బలవంతముగా వెంటబెట్టుకొని పోయెను. కేప్‌టౌన్‌లో బయలుదేరి, నమీబియా ఎడారుల మీదుగా, బోట్స్వానా అడవుల మీదుగా విక్టోరియా జలపాతమువరకు ఇరువది దినముల భూమార్గయాత్ర అది. పెద్ద లారీ చట్రముపై బస్సువంటి పెట్టె నొకదానిని అమర్చి, దాని పొట్టక్రింద గుడారములు, వంటసామాను, నీళ్ల డబ్బాలు, మడత కుర్చీలు కుక్కుదురు. పగలు ప్రయాణము, రాత్రి ఏ యేటి ఒడ్డుననో, ఏ ముళ్లచెట్ల క్రిందనో మజిలీ. ఎవరి గుడారము వారు వేసికొనవలెను, తెల్లవారకముందే పీకి చుట్టవలెను. కూరగాయలు తరుగుట, గిన్నెలు కడుగుట వంతులవారీగా అందరికిని తప్పదు. కడిగిన పళ్లెములను గుడ్డతో తుడువరాదు. రెండు చేతుల పట్టుకొని గాలిలో ఊపి ఆరబెట్టవలెను. జర్మనీ దేశపు వైద్యుడొకడు, హాలెండు పంతులమ్మ యొకతె, నేను — ముగ్గురమును వరుసగా నిలిచి సాయంసంధ్యవేళ పళ్లెములు ఊపుచుండగా చూచినవారికి ఏదో క్రొత్త మతపు ప్రార్థన యని తోచియుండును.

ఆ యాత్రలో నాకు నచ్చిన గుణము ఇదియే. నమీబు ఎడారియొక్క ఎఱ్ఱని ఇసుక తిన్నెలపై అందరి కాళ్లును ఒకే తీరున కూరుకొనిపోయినవి. ఎటోషా ఉప్పు మైదానపు దుమ్ము అందరి తలలపైనను ఒకే విధముగా పడినది. ఎవరు ధనికులో, ఎవరు బీదలో, ఎవరి దేశము గొప్పదో ఎవరికిని పట్టలేదు. పది దినములు గడచుసరికి మేము ఇరువదిమందిమి ఒక ఉమ్మడి కుటుంబమువలె నైతిమి. ఆ కుటుంబము రెండుగా చీలినది ఒక్కచోటనే. అది సరిహద్దు కచేరి వాకిట.

ఏ సరిహద్దు అని చెప్పుట న్యాయము గాదు. ఆ దినమున అచ్చట కూర్చున్న ఉద్యోగి కాక వేరొకరున్నచో కథ వేరుగా ఉండెడిదేమో! మేము లారీ దిగి లోనికి పోతిమి. ఐరోపావారు తమ చేతి పుస్తకములు చూపిరి, ముద్రలు పడినవి, పావుగంటలో ఆవలి తలుపునుండి బయటపడిరి. నేనును నా మేనల్లుడును ప్రక్కకు నిలిచితిమి. మాకు వీసాలు ముందే ఉన్నవి. ఐనను తిరుగు ప్రయాణపు టిక్కెట్టు చూపుడనిరి, చూపితిమి. బ్యాంకులో నున్న సొమ్మునకు నిదర్శన మడిగిరి, చూపితిమి. ‘మీరు ఇచ్చటనే ఉండిపోరని నమ్మకమేమి?’ అని అడిగిరి. అరువది మూడేండ్ల విశ్రాంతోపాధ్యాయుడు, మోకాళ్ల నొప్పులవాడు, ఇల్లు వాకిలి విడిచి ఆ ముళ్లపొదల నడుమ క్రొత్త కాపురము పెట్టునను భయమునకు నవ్వవలెనో ఏడ్వవలెనో నాకు తెలియలేదు. గంటన్నర కాలము గడచెను. బయట ఎండలో లారీ మాకొరకు నిలిచియుండెను.

‘‘మామయ్యా, మీరు కోపం తెచ్చుకోకండి. వాళ్లకి మన మనిషి కనబడడు, మన పుస్తకం కనబడుతుంది,’’ అన్నాడు మేనల్లుడు. నాకు కోపము కంటె సిగ్గు ఎక్కువగా కలిగినది. తప్పు చేయని మనిషికి కలుగు సిగ్గు విచిత్రమైనది. ముందురోజు రాత్రి నా ప్రక్కన నిలిచి గిన్నెలు కడిగిన వైద్యుడు కిటికీలోనుండి నావైపు జాలిగా చూచెను. ఆ జాలి నాకు సహింపరాలేదు. అతడు మంచివాడే. కాని ఆ ఉదయమున అతడు నాకు జాలి చూపగలవా డైనాడు. నేను జాలిపడదగినవాడ నైతిని. గీత చేసిన పని అది.

మాతో వరుసలో మరి యిద్దరు నిలిచియుండిరి. ఒకరు మా లారీ వంటవాడే, జింబాబ్వే దేశస్థుడు. ఈ త్రోవలో నెలనెలయు తిరుగువాడు. అతని పుస్తకము నిండ ముద్రలే. ‘‘కాగితాలు అయిపోతున్నాయి, అయ్యగారూ. నా సంపాదనలో కొంత కొత్త పుస్తకాలకే సరిపోతుంది,’’ అని నవ్వెను. రెండవది ఎండుచేపల మూట నెత్తిన పెట్టుకొన్న నడివయస్సు స్త్రీ. ఆమె మాటలను వంటవాడు మాకు తెలియజెప్పెను. ఆమె ఆవలి గట్టున నున్న అక్కగారి ఇంటికి పోవుచున్నదట. ‘‘మా అక్క వాకిట్లో నిలబడి కేక వేస్తే మా ఇంట్లో వినబడుతుంది. కాని నేను పలకాలంటే తెల్లవారుజామున లేచి ఇంతదూరం నడిచి వచ్చి ముద్ర వేయించుకోవాలి,’’ అని యామె చెప్పినది. నా గంటన్నర అవమానము ఆ మాటతో చిన్నదైపోయినది. నేను జన్మలో ఒకమారు దాటు గీత అది. ఆమె బ్రతుకు నడిబొడ్డుననే ఆ గీత పడియున్నది.

ఈ గీతను ఎవరు గీచిరి? ఈ ప్రశ్నకు సమాధానము ఆఫ్రికాలో దొరకదు; ఐరోపాలో దొరకును. 1884 నవంబరు మొదలు 1885 ఫిబ్రవరి వరకు బెర్లిను నగరమున ఐరోపా రాజ్యములవారు సమావేశమై ఆఫ్రికాను పంచుకొను నియమములను నిర్ణయించుకొనిరి. ఆ బల్లచుట్టు ఆఫ్రికావాడు ఒక్కడును కూర్చుండలేదు. అటుపిమ్మట 1890 జూలై 1వ తేదీన ఇంగ్లండునకును జర్మనీకిని ఒక ఒడంబడిక కుదిరినది. ఉత్తర సముద్రమునందలి హెలిగోలాండు దీవి జర్మనీకి దక్కెను. జాంజిబారుపై తన ఆశను జర్మనీ విడుచుకొనెను. ఆ బేరములో కొసరుగా జర్మనీవారి నైరుతి ఆఫ్రికాకు జాంబెజీ నదిని అందుకొనుటకు ఒక నేలపట్టీ లభించినది. ఏచోటను ఇరువది ఇంగ్లీషు మైళ్లకు తక్కువ వెడల్పు ఉండరాదని షరతు. సుమారు 450 కిలోమీటర్ల పొడవున చాపిన చేయివలె నున్న ఆ పట్టీకి నాటి జర్మనీ ప్రధాని కాప్రివి పేరు పెట్టిరి. జాంబెజీ నదిపై పడవలు వేసికొని హిందూమహాసముద్రమునకు పోవచ్చునని వారి ఊహ. దిగువను, డెబ్బది కిలోమీటర్ల దూరముననే, ఆ నది నూరు మీటర్లకు పైగా లోతునకు దూకుచున్నదను సంగతి వారి లెక్కకు రాకపోయినది. విక్టోరియా జలపాతమును లివింగ్‌స్టన్ 1855లోనే చూచి లోకమునకు చెప్పియుండెను!

ఈ పట్టీ నేటికిని నమీబియా దేశపు పటమునుండి వ్రేలివలె పొడుచుకొని ఉన్నది. 2013లో ఆ ప్రాంతమునకు కాప్రివి పేరు తీసివేసి జాంబెజీ యని పేరు మార్చిరి. పేరు మారినది, ఆకారము మారలేదు. మా లారీ ఆ పట్టీపై రోజంతయు తిన్నగా పోయినది. ఎడమచేతివైపున అంగోలా, తరువాత జాంబియా, కుడిచేతివైపున బోట్స్వానా. త్రోవలో ఏనుగులు జాగ్రత్త యను బోర్డులు. ఆ ఏనుగులు మాత్రము అన్ని దేశములలోను మేయుచున్నవి.

పట్టీ చివర బోట్స్వానాలో ప్రవేశించిన తరువాత కసానే ఊరి యొద్ద చోబే నదిలో ఒక లంక కలదు. నమీబియావారు దానిని కసికిలి యనుదురు, బోట్స్వానావారు సెడుడు అనుదురు. విస్తీర్ణము మూడున్నర చదరపు కిలోమీటర్లు. ఏటేట మార్చి నెల మొదలు కొన్ని నెలలు వరదలో మునిగియుండును. నీరు తీసినపుడు ఏనుగులు, దున్నలు వచ్చి గడ్డి మేయును. గోదావరి లంకలను ఎరిగినవారికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు. ఏటిపాయ ఒకయేడు ఇటు, ఒకయేడు అటు ఒరసి పారుచుండగా లంక నీదా నాదా యని తరతరములుగా కోర్టులకెక్కిన కుటుంబములు మనకును కలవు. ఇచ్చటను అదియే తగాదా. 1890 ఒడంబడికలో ‘ప్రధానమైన పాయ’ నడుమ సరిహద్దు అని వ్రాసిరి. ఉత్తరపు పాయ ప్రధానమా, దక్షిణపు పాయ ప్రధానమా? బెర్లినులోను లండనులోను కూర్చున్నవారు ఆ లంకను చూచినవారు గారు.

స్వతంత్రదేశములు రెండును ఆ తగాదాను సైన్యములతో తీర్చుకొనలేదు. ఇరుపక్షములును సమ్మతించి 1996లో హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయినవి. 1999 డిసెంబరు 13న పదునొకండుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నిలువగా లంక బోట్స్వానాకు చెందునని తీర్పు వచ్చినది. నమీబియా తలవంచినది. లంక చుట్టునున్న రెండు పాయలలోను ఇరుదేశముల పడవలకును సమానమైన మర్యాద జరుగవలెనని కూడ న్యాయస్థానము చెప్పినది. సాయంకాలము పడవలో పోవుచు ఆ లంకపై నెగురుచున్న బోట్స్వానా జెండాను నేను చూచితిని. దానిక్రింద నొక ఏనుగు గడ్డిని వేళ్లతో పెరికి, మట్టి దులుపుకొని తినుచుండెను. వందయేండ్ల నాటి పరాయివాని వ్రాతలోని ఒక్క మాటను అర్థము చేసికొనుటకు రెండు దేశములు మూడేండ్లు శ్రమపడినవి. ఐనను కత్తి దూయలేదు. దీనిని నేను మానవజాతి గౌరవింపదగిన సంగతులలో నొకటిగా ఎంచుచున్నాను.

అట్లయిన, పరాయివాడు గీచిన గీతలను స్వతంత్రము వచ్చిననాడే ఏల చెరిపివేయలేదు? ఇది సులభముగా అడుగు ప్రశ్న. 1964 జూలైలో కైరో నగరమున సమావేశమైన ఆఫ్రికా దేశాధినేతలు ఈ ప్రశ్న వేసికొనియే, స్వాతంత్ర్యము వచ్చుసరికి ఉన్న సరిహద్దులను మన్నింతుమని తీర్మానించుకొనిరి. ఒక్క గీతను కదలించినచో అన్ని గీతలును కదలును, ప్రతి గీతకును నెత్తురు కారునని వారి భయము. ఆ భయము ఒట్టిది గాదు. దేశవిభజన నెత్తుటిని చూచిన మనము ఆ తీర్మానమును తక్కువచేసి మాటాడరాదు. కనుక, సరిహద్దులన్నిటిని తుడిచివేయుడు అని పలుకువారి పక్షమున నేను చేరను. అది వినుటకు ఇంపైన మాట. చేయుటకు ప్రమాదకరమైన పని.

సరిహద్దువలన ప్రయోజనము లేకపోలేదు. బోట్స్వానాలో ప్రవేశించుటకు ముందునాటి రాత్రి మా వంటవాడు పెట్టెలోనున్న పచ్చిమాంసమంతయు వండివేసెను; మాంసాహారులకు ఆ రాత్రి పండుగ. పచ్చిమాంసము గీత దాటరాదు. మరునాడు మమ్ము అందరిని దించి, మందునీటితో తడిపిన గోనెవంటి పట్టపై చెప్పులతో నడిపించిరి. లారీ చక్రములను మందునీటి గుంటలో ముంచి తీసిరి. పశువుల గాలికుంటు వ్యాధి భయము అది. బోట్స్వానాలో పశువులే చాలమంది రైతుల సంపద. ఆ మాంసమును ఐరోపా దేశములకు అమ్ముకొని బ్రతుకుచున్నారు. వ్యాధి సోకినదన్న వార్త పుట్టినచో బజారు మూతబడును. ఆ మందునీటిలో జర్మనీ వైద్యుడును, నేనును, వంటవాడును ఒకే తీరున అడుగులు వేసితిమి. వ్యాధిని ఆపునపుడు ఎవరి పుస్తకము ఏ దేశముదని ఎవరును అడుగలేదు. న్యాయమైన అడ్డు ఎట్లుండవలెనో నాకు అచ్చట తెలిసినది. అది మడమకున్న మురికిని చూచును. మనిషి పుట్టుకను చూడదు.

కాబట్టి నా వాదము గీత ఉండవలెనా వద్దా యని కాదు. ఆ గీత యొద్ద ఎవరికి ఏ మర్యాద యని. దక్షిణాఫ్రికా ఖండభాగమున ఈ మర్యాదయొక్క వరుస చూచినచో ఆశ్చర్యము కలుగును. మొదటి మర్యాద సరకునకు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా మొదలగు దేశముల సుంకముల సమాఖ్య 1910 నాటిది. లోకములో నేటికిని నడచుచున్న అట్టి సమాఖ్యలలో అదియే ప్రాచీనమైనది. నమీబియా 1990లో స్వతంత్రమై అందు చేరినది. కేప్‌టౌన్‌లో కొన్న పంచదార మూటకు కసానేలో సుంకము లేదు. రెండవ మర్యాద జంతువులకు. అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే — ఈ ఐదు దేశములును 2011లో సంధి చేసికొని, సుమారు 5,20,000 చదరపు కిలోమీటర్ల నేలను వన్యమృగముల స్వేచ్ఛాసంచారమునకై ఉమ్మడిగా కాపాడ నిశ్చయించినవి. 2022లో లెక్కించగా ఆ నేలపై సుమారు 2,28,000 ఏనుగులు తేలినవి. ఏ ఏనుగు ఏ దేశముదని చెప్పుట అసాధ్యము. చెప్పవలసిన పనియు లేదు. మూడవ మర్యాద డబ్బు ఖర్చుచేయ వచ్చిన యాత్రికునకు. వారిలోను పుస్తకమునుబట్టి తరతమ భేదములు. కట్టకడపటి మర్యాద ఆ గట్టుననే పుట్టి, ఆ గట్టుననే మట్టియగు చేపల మూట స్త్రీకి. ఈ వరుస తలక్రిందుగా నున్నది. దీనిని తిరుగవేయవలెనని నా విన్నపము.

తిరుగవేయుట సాధ్యమా? సాధ్యమే యనుటకు సాక్ష్యము ఆ ప్రాంతముననే కలదు. కసానేకు దగ్గరనే కజుంగుల యను చోటు. చోబే నది వచ్చి జాంబెజీలో కలియును. నాలుగు దేశముల కొసలు అచ్చట ఒకదానినొకటి తాకీ తాకకుండ నిలిచినవి. బోట్స్వానాకును జాంబియాకును నడుమ గల సరిహద్దు నదిపై నూటయేబది మీటర్లో ఎంతయో. ఆ కొద్దిపాటి నీటికొరకు ఎంత రగడ! అట్టి సరిహద్దే లేదని 1970లో నాటి దక్షిణాఫ్రికా ప్రభుత్వము వాదించినది. 1979లో రొడీషియా సైన్యము అచ్చటి రేవుబల్లకట్టును ముంచివేసినది. 2003లో మితిమీరిన బరువుతో నున్న లారీవలన బల్లకట్టు ఒరిగి పదునెనిమిదిమంది మునిగిపోయిరి. లారీల నడుపరులు రేవు దాటుటకు రోజుల తరబడి, ఒక్కొక్కపుడు వారముల తరబడి గట్టున పడియుండెడివారు.

2021 మే 10వ తేదీన అచ్చట వంతెన తెరచిరి. పొడవు 923 మీటర్లు. జింబాబ్వే నేలను తాకకుండుటకై ఆ వంతెనను తిన్నగా గాక వంపుతిప్పి కట్టిరి. గీతలకు భయపడి వంపు తిరిగిన వంతెనను నేనెచ్చటను చూడలేదు. ఐనను వంపు తిరిగియైన ఆవలి ఒడ్డును చేరినది గదా! అంతకంటె ముఖ్యమైనది, ఇరుదేశముల ఉద్యోగులను ఒకే కప్పుక్రింద కూర్చుండబెట్టిరి. ఇచ్చట వెళ్లిపోవు ముద్ర, అచ్చట లోపలికి వచ్చు ముద్ర యని రెండుమారులు దిగి నిలువ నక్కరలేదు. ఇంకొక శుభవార్త: 2023 ఫిబ్రవరిలో బోట్స్వానా, నమీబియా దేశాధ్యక్షులు ఒక ఒప్పందముపై సంతకములు చేసిరి. ఆ రెండు దేశముల పౌరులును చేతి పుస్తకము లేకయే, తమ గుర్తింపు కార్డు చూపి గీత దాటవచ్చును. లంకకొరకు హేగునకు పోయిన ఆ రెండు దేశములే ఇవి! గీత చెరుగలేదు, గీతయొద్ద మనిషికి మర్యాద పెరిగినది. నేను కోరునది ఇంతే.

తెలుగు పాఠకుడు ఈ సంగతి మనకెందుకని అనుకొనవచ్చును. ఆఫ్రికా దక్షిణపు సరిహద్దులతో మనకు చుట్టరికము కలదు. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ యను ఓడ మదరాసునుండి కూలివారిని తీసికొని డర్బను రేవు చేరినది. ఆనాటినుండి 1911 వరకు సుమారు లక్షా యేబదిరెండు వేలమంది చెఱకు తోటలకును, బొగ్గు గనులకును ఒప్పందపు కూలీలుగా నాటాలు రాష్ట్రమునకు పోయిరి. వారిలో తమిళులతోపాటు మన తెలుగువారును ఉండిరి. ఒప్పందము తీరిన పిమ్మట స్వేచ్ఛగా బ్రతుకగోరినచో ఏటికి మూడు పౌనుల తలపన్ను. ప్రక్కనున్న ట్రాన్స్‌వాలులో అనుమతి చీటి లేక అడుగు పెట్టరాదు. ఆరెంజి ఫ్రీస్టేటులో కాపురముండనే కూడదు. ఆ నిషేధము 1986 వరకు తొలగలేదు. ఒకే జెండాక్రింద నున్న రాష్ట్రముల నడుమనే మనవారికి గీతలు!

1913 నవంబరు 6వ తేదీ ఉదయమున నాటాలు సరిహద్దునందలి చార్లెస్‌టౌన్‌నుండి గాంధిగారితో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది బిడ్డలు బయలుదేరి ట్రాన్స్‌వాలు పొలిమేర దాటిరి. దాటుటయే నేరము; నేరము చేయుటకే దాటిరి. మనిషికి దినమునకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు పంచదార. ఆ నడకలో ఇద్దరు తల్లులు చంకలోని పసిబిడ్డలను పోగొట్టుకొనిరి. ఐనను నడక ఆపలేదు. మరుసటి యేడు, 1914లో, ఆ తలపన్ను రద్దయినది. వారిలో బహుకొద్దిమందికే చదువు వచ్చును. ఎవరి చేతను పుస్తకము లేదు. బ్యాంకు కాగితములు పట్టుకొని గంటన్నర నిలిచినందుకు కుంగిపోయిన నాకు, ఆ రాత్రి గుడారములో వారు జ్ఞప్తికి వచ్చిరి. నా అవమానమునకు నేను సిగ్గుపడితిని. వారు తమ అవమానమును ఆయుధముగా చేసికొనిరి. అదియే మా ఇరువురకును భేదము.

ఇంతవరకు పరులను విమర్శించితిని. ఇక మన వాకిలి చూచుకొనుట ధర్మము. మనదేశపు తలుపు ముందు జాంబియావాడో, నమీబియావాడో వచ్చి నిలిచినపుడు మన ఉద్యోగి అడుగు ప్రశ్నలు నన్నడిగిన ప్రశ్నలకంటె తీయనివని చెప్పగలమా? మనము చేతి పుస్తకమును చూచుటకు ముందు చర్మపు రంగును చూచుటలేదని ప్రమాణము చేయగలమా? చదువునకై వచ్చిన ఆఫ్రికా బాలునకు మన నగరములలో అద్దె ఇల్లు దొరకుట ఎంత కష్టమో మనకు తెలియనిది గాదు. ఇంటిలో ఒకనీతి, పరదేశమున ఒకనీతి చెల్లదు. మంచి మర్యాదయు మనకు తెలియకపోలేదు. 1950 నాటి సంధినిబట్టి నేపాలు దేశస్థుడు వీసా లేకయే మన దేశములోనికి వచ్చుచున్నాడు, మనవాడు అచ్చటికి పోవుచున్నాడు. అందువలన ఏ దేశమును కరగిపోలేదు. తలుపు తెరచియుంచినంత మాత్రమున ఇల్లు కూలదు.

దేశమునకు పొలిమేర ఉండవలసినదే. ఇంటికి గుమ్మము ఉండవలసినట్లే. కాని గుమ్మము కట్టుట లోపలికి పిలుచుటకును, అవసరమైనపుడు ఆపుటకును. వచ్చినవానిని కించపరచుటకు గాదు. సరిహద్దు గ్రామములవారికి గుర్తింపు కార్డు చాలును. లారీవానిని రెండుమారులు దింపనక్కరలేదు. వ్యాధిని ఆపుడు, దొంగసరకును ఆపుడు. పుట్టినచోటు తప్పుగా భావించి మనిషిని ఆపకుడు. ఈ చిన్న పనులకు సైన్యములు గాని, మహాసభలు గాని అక్కరలేదు. కచేరిలో కూర్చున్నవాడు కిటికీ ఆవల నున్నది పుస్తకము కాదు, మనిషి యని తెలిసికొనిన చాలును.

ఆ దినమున నాకు ముద్ర పడిన తరువాత వెనుదిరిగి చూచితిని. చేపల మూట స్త్రీ ఇంకను వరుసలోనే ఉన్నది. మూట నేల దింపి, చెంగుతో ముఖము తుడుచుకొని, నావైపు చూచి నవ్వినది. మా లారీ మమ్ము ఎక్కించుకొని కదలినది. ఆ సాయంత్రము యథాప్రకారము జర్మనీ వైద్యుడును నేనును నిలిచి పళ్లెములు ఊపి ఆరబెట్టితిమి. ఉదయపు సంగతి అతడెత్తలేదు, నేనెత్తలేదు. ఆవలి గట్టునుండి అక్క వేసిన కేకకు ఆమె ఏ వేళకు బదులు పలికినదో నాకు తెలియదు. ఆవలి ఊరిలోను మనుష్యులే ఉందురని ఆమెకు మాత్రము ఎవరును చెప్పనక్కరలేదు.